పనికి వయఃపరిమితి: కరవు పనులనుండి ఉపాధి హామీ వరకు

మన పల్లెలలో వృద్ధులను వయస్సెంతయని యడిగినచో ఇన్ని సంవత్సరములని అంకె చెప్పుట ఇటీవలి యలవాటు. వెనుకటి తరములవారు ఫలానా కరవునాటికి గొడ్లు కాయుచుంటిమనియో, ఫలానా గాలివాన వచ్చిన యేడు పెండ్లియైనదనియో చెప్పెడివారు. ఆ లెక్కతో వారి బ్రదుకు సాగిపోయెను. నాగలి పట్టుటకు గాని, నాట్లు వేయుటకు గాని, ఎవరును వారిని పుట్టినతేది అడుగలేదు. చేయగలిగినన్నాళ్లు చేసిరి, చేయలేని నాడు అరుగు మీద కూర్చుండిరి.

ప్రభుత్వము పని యిచ్చుటకు పూనుకొన్న నాటి నుండి వయస్సునకు క్రొత్త యర్థము కలిగినది. పనిలేని వానికి సర్కారు సొమ్ముతో పని కల్పింపవలెనన్న సంకల్పము పుట్టగనే, ఎవరికి కల్పింపవలెనన్న ప్రశ్నయు దానితోడనే పుట్టినది. అందరికి ఇచ్చుటకు ధనము చాలదు. కొందరిని చేర్చుకొని కొందరిని విడువవలెను. ఆ విడుచుటకు ఒక గీత కావలెను. ఆ గీతను కొన్ని దేశములు కొన్ని కాలములలో బలమును బట్టి గీచినవి. మరికొన్ని వయస్సును బట్టి గీచినవి. ఈ రెండు పద్ధతులవలన పెద్దవయస్సువారి కేమి జరిగినదో, ఆ చరిత్రను ఇచ్చట కొంత విచారింతము.

మన ప్రాంతమునుండియే ప్రారంభింపవచ్చును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమును మనవారు ధాత కరవని పిలిచిరి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దాని వాత బడినవి. బ్రిటిషు ఏలుబడిలోనున్న ప్రాంతములలోనే 50 లక్షలకు మించిన జనము నశించినట్లు అంచనాలు కలవు. మద్రాసు ప్రభుత్వము చెరువుకట్టలు, రోడ్లు, కాలువలు త్రవ్వించుచు కూలి యిచ్చుటకు పూనుకొన్నది. చెన్నపట్టణమున అడయారు, కూవం నదులను కలిపిన కాలువభాగము ఆ రోజులలో కరవు పనిగా త్రవ్వబడినదే. కోస్తా వెంబడి సాగిన ఆ జలమార్గమునకు నాటి గవర్నరు పేరిట బకింగుహాము కాలువయని పేరు వచ్చినది. ఒకప్పుడు దానిపై పడవలలో బియ్యము, ఉప్పు, కట్టెలు తరలి పోయెడివి.

ఆ పనులకు వచ్చినవారిని ఎవరును వయస్సడుగలేదు. అడిగినను చెప్పుటకు వారియొద్ద కాగితము లేదు. జనన నమోదు నామమాత్రముగ నున్న కాలమది. అధికారులు చూచినది దేహము. కండ గలవారు పనిచేయగలవారి పట్టీలో చేరిరి. ముదుసలులు, అశక్తులు, పసిబిడ్డలు ఉచితముగ అన్నము పొందువారి పట్టీలో చేరిరి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టను ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణాగా తగ్గించెను. ఆడువారికి, పనిచేయు పిల్లలకు అంతకంటెను తక్కువ. ఎండలో దినమంతయు మట్టి మోయు మనుష్యునకు ఈ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు విలియము కార్నిషు గట్టిగ వాదించెను. మార్చి నెలలో ఆ కూలిని ప్రభుత్వము కొంతవరకు పెంచవలసివచ్చినది.

ఈ వాదములో పెద్దవారి సంగతి యేమి? నలువదియైదేండ్లు దాటిన వాడు, నెలల తరబడి పస్తులున్న వాడు, కంటికి పూర్తిగ అశక్తుడుగ కనబడడు. కనుక వాడు పనివారి పట్టీలో చేరును. అక్కడ నిర్ణయించిన కొలత మట్టి త్రవ్వలేడు. త్రవ్వనిచో కూలి తగ్గును; కూలి తగ్గినచో తిండి తగ్గును; తిండి తగ్గినచో మరునాడు త్రవ్వగలిగినదియు తగ్గును. బలమును బట్టి గీచిన గీతలోని మొదటి లోపము ఇచ్చట బయటపడినది. మనిషి బలము ఒకనాడు ఉన్నట్లు మరునాడు ఉండదు. కాని పట్టీ మాత్రము మారదు.

ఈ యనుభవము తరువాత సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతన నియమింపబడిన క్షామ సంఘము 1880లో తన నివేదిక నొసగినది. దానిని బట్టియే రాష్ట్రములలో క్షామ నిబంధనావళులు ఏర్పడినవి. పనిచేయగలవారికి పని, చేయలేనివారికి వారి గ్రామమునందే ఉచిత సహాయము అన్నది వాని మూలసూత్రము. చేయగలవారిలోను బలాబలములను బట్టి తరగతులు ఏర్పరుపవలెననియు, బలహీనులకు తేలికపని యియ్యవలెననియు అంగీకరింపబడెను. వయస్సునకు పై హద్దు అనునది ఈ యేర్పాటులో లేదు. డెబ్బదియేండ్ల వాడైనను గంప మోయుదునన్నచో మోయవచ్చును. అంతవరకు ఇది న్యాయమే. అయితే ఎవడు చేయగలడు, ఎవడు చేయలేడు అన్న నిర్ణయము తాలూకా ఉద్యోగి కనుచూపుపై ఆధారపడియుండెను. ఆ చూపులో దయ యున్నచో ముసలివాడు బ్రదికెను, లేకున్నచో లేదు.

ఇక సముద్రముల కావలకు పోదము. 1929లో అమెరికాలో వ్యాపారము కుప్పకూలినది. 1933 నాటికి ఆ దేశమున పనిచేయువారిలో ఇంచుమించు నాలుగవవంతు మంది నిరుద్యోగులైరి. ఆ సంవత్సరము మార్చిలో అధ్యక్షపదవి స్వీకరించిన ఫ్రాంక్లిను రూజువెల్టు, నెల తిరుగక మునుపే సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అను వనసంరక్షణ దళమును స్థాపించెను. అడవులలో శిబిరములు వేసి, చెట్లు నాటించి, నేలకోతను అరికట్టించుట దాని పని. నెలకు 30 డాలర్ల జీతము. అందులో 25 డాలర్లు ఇంటికి పంపవలెను. మొదటి శిబిరము 1933 ఏప్రిలులో వర్జీనియా రాష్ట్రమున వెలసినది. 1942లో మూతపడులోపల సుమారు 30 లక్షల మంది యువకులు దానిలో పనిచేసిరి.

యువకులని ఊరక చెప్పలేదు. మొదట దానిలో చేరుటకు 18 మొదలు 25 సంవత్సరముల వయస్సు గల అవివాహితులే అర్హులు. తరువాత ఈ హద్దులు ఒకటి రెండుమార్లు మారినను, దళము యువకులదిగనే నిలిచినది. కారణము లేకపోలేదు. పని దొరకక రైళ్ల కప్పులమీద ఊరూరు తిరుగుచున్న కుర్రవాండ్రు లక్షలకొలది యుండిరి; వారు చెడుదారి పట్టుదురని దేశము భయపడెను. శిబిర జీవితము, బరువు పని పడుచువారికే తగునని భావించిరి. పంపిన 25 డాలర్లతో ఇంటనున్న తల్లిదండ్రులు బ్రదుకుదురని లెక్క. అనగా పెద్దవాని ఆకలిని కొడుకు కూలి ద్వారా తీర్పదలచిరన్న మాట. కొడుకు లేని పెద్దవానిని గూర్చి ఆ లెక్కలో చోటు లేకపోయెను.

ఆ గీతకు రెండు మినహాయింపులు త్వరలోనే వచ్చినవి. మొదటిది మాజీ సైనికులది. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడినవారు తమకు ప్రకటింపబడిన బహుమానధనమును ముందుగ ఇప్పింపుమని 1932లో వాషింగ్టను నగరమునకు వేలకొలది వచ్చిరి, సైన్యముచే తరిమివేయబడిరి. 1933 మేలో వారు తిరిగి వచ్చినప్పుడు, రూజువెల్టు 25,000 మంది మాజీ సైనికులను వయస్సుతోను, పెండ్లితోను నిమిత్తము లేకుండ దళములో చేర్చుకొన అనుమతించెను. రెండవది స్థానిక అనుభవజ్ఞులది. పట్టణములనుండి వచ్చిన కుర్రవాండ్రకు గొడ్డలి పట్టుటయే తెలియదు. కావున చుట్టుపట్ల నున్న పెద్దవయస్సు అటవీ పనివారిని నేర్పరులుగ జీతమిచ్చి తెచ్చుకొనవలసివచ్చెను. వయస్సు మీరినదని ముందు వాకిట త్రోసిపుచ్చిన వానిని, గురువుగ వెనుక వాకిట పిలుచుకొన్నట్లయినది. చేయిగలవారే చాలుననుకొన్న పనికి చేయి తిరిగినవారు కూడ కావలసివచ్చిరి.

1935లో వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషను అను మరింత పెద్ద సంస్థ ఏర్పడినది. హారీ హాప్కిన్సు దానికి అధిపతి. 1943 వరకు దాని క్రింద సుమారు 85 లక్షల మంది రోడ్లు, వంతెనలు, బడులు, విమానాశ్రయములు నిర్మించిరి. దీనికి క్రింది హద్దు 18 సంవత్సరములు. పై హద్దు లేదు. ఇంటి కొకరికి పని. అందుచేత నడివయస్సు దాటిన కుటుంబ పోషకులు దీనిలో ఎక్కువగ చేరిరి. ప్రైవేటు యజమానులు నలువది దాటినవారిని చేర్చుకొనుటకు వెనుదీయుచుండిన రోజులలో వారికి ఇదియే దిక్కైనది. కాని 1939లో అమెరికా కాంగ్రెసు ఒక నిబంధన చేసినది. ఎడతెగక పదునెనిమిది నెలలు పనిచేసిన వానిని కనీసము ముప్పది దినములు తొలగింపవలెను. మాజీ సైనికులకు మినహాయింపు. చూచుటకు ఈ నిబంధనలో వయస్సను మాటయే లేదు. పడుచువాడు తొలగినచో వేరొకచోట దొరకించుకొనగలడు. ఏబదియేండ్ల వానికి దొరకదు; కనుకనే వాడు పదునెనిమిది నెలలు అక్కడ ఉండెను. వయస్సును పేర్కొనకయే వయస్సుమీరినవారిని బాధించు నిబంధనలు ఉండునని దీనివలన తెలియుచున్నది.

అదే 1935 ఆగస్టు 14వ తేదీన వృద్ధాప్య భృతికి సంబంధించిన సాంఘిక భద్రతా శాసనముపై సంతకము జరిగినది. 65 సంవత్సరములు నిండినవారికి భృతి. ఈ 65 అను అంకె ఏ వైద్యుడును పరీక్షించి చెప్పినది కాదు. అప్పటికే కొన్ని రాష్ట్రములలో నడచుచున్న వృద్ధాప్య పథకములలో సుమారు సగము 65ను, తక్కిన సగము 70ని పెట్టుకొనియుండెను. ఆ ముందు సంవత్సరము రైల్వే ఉద్యోగులకు చేసిన చట్టమున 65 ఉండెను. మరొకవైపు కాలిఫోర్నియాకు చెందిన డాక్టరు ఫ్రాన్సిసు టౌన్సెండు, అరువది దాటిన ప్రతివానికి నెలకు 200 డాలర్లిచ్చి పని మాన్పింపవలెనని గొప్ప యుద్యమము నడపుచుండెను. ఇన్ని యంకెల నడుమ, ఖజానాకు తట్టుకొనగలిగినదని తోచిన యొక యంకెను ఎన్నుకొనిరి. నలువదియైదేండ్లకు యజమాని వలదనును. అరువదియైదేండ్లకు గాని ప్రభుత్వము రమ్మనదు. నడుమ నున్న యిరువదియేండ్లు మనిషి యెట్లు గడపవలెను? మన చరిత్రలో తేలిన అసలు ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నకు అమెరికా సమాధానము వెదకుటకు మరి ముప్పదియేండ్లు పట్టినది. 1965లో కార్మికశాఖ కార్యదర్శి విల్లర్డు విర్ట్సు ఒక నివేదికను కాంగ్రెసునకు సమర్పించెను. ప్రైవేటు ఉద్యోగపు ఖాళీలలో ఇంచుమించు సగము 55 దాటినవారికిని, నాలుగవవంతు 45 దాటినవారికిని మూయబడియున్నవని అందు తేలినది. చాలచోట్ల ఈ హద్దులకు యజమానులు పరీక్షించి చూచిన ఆధారమేదియు లేదు, ఊహ మాత్రమే. దీని ఫలితముగ 1967 డిసెంబరు 15వ తేదీన వయోవివక్షను నిషేధించు శాసనముపై అధ్యక్షుడు జాన్సను సంతకము చేసెను. ఇందులో ఒక చిత్రము కలదు. వయస్సు చూపి త్రోసిపుచ్చరాదన్న ఆ శాసనము 40 మొదలు 65 వరకు నున్నవారికే వర్తించినది. 65 దాటినవానిని వయస్సు చూపియే ఆ రక్షణనుండి త్రోసిపుచ్చిరి. 1978లో ఆ హద్దు 70కి పెరిగినది. 1986లో చాలమట్టుకు తొలగినది.

ప్రభుత్వపు పనులలో గీత తలక్రిందులైనదియు ఆ కాలముననే. 1965లో గ్రామీణ పేద రైతులలో వయస్సు మీరినవారికి గ్రీన్ థంబ్ అను పథకము ప్రారంభమైనది. మొక్క నాటిన బ్రదికించు చేతివాటము గలవారిని ఆంగ్లభాషలో ఆ మాటతో పేర్కొందురు. నాలుగు రాష్ట్రములలో మొదలై, రహదారుల ప్రక్కన చెట్లు నాటుట, ఉద్యానములు తీర్చుట వారికి పనిగ నొసగినది. తరువాత వృద్ధుల సహాయశాసనములో ఇట్టి పనులు జాతీయ పథకముగ నెలకొన్నవి. ఈ పథకమునకు 55 సంవత్సరములు క్రింది హద్దు. అంతకు లోపువారు అనర్హులు. వారమునకు సుమారు ఇరువది గంటల పని, అదియు ఆదాయము మిక్కిలి తక్కువగ నున్నవారికి మాత్రమే. 1933లో 25 దాటినవానికి అడవిలో చెట్టు నాటుటకు వీలులేదు. 1965 తరువాత 55 నిండనివానికి దారిప్రక్కన చెట్టు నాటుటకు వీలులేదు. చెట్టు నాటుటకు కావలసిన బలము మాత్రము ఈ నడుమ మారలేదు. మారినది ప్రభుత్వము ఎవరిని గూర్చి భయపడుచుండెను, ఎవరిని గూర్చి జాలిపడుచుండెను అన్నదే.

తిరిగి మన దేశమునకు వత్తము. స్వాతంత్ర్యానంతరము పనికి హామీ నిచ్చుటలో మహారాష్ట్రము దారి చూపినది. వి.ఎస్. పాగే అను నాయకుని పూనికతో 1965లో సాంగ్లీ జిల్లాలో చిన్న ప్రయత్నముగ మొదలై, 1972 నాటి గొప్ప అనావృష్టిలో రాష్ట్రమంతట వ్యాపించి, 1977లో శాసనమై, 1979 జనవరి 26 నుండి అమలునకు వచ్చినది. పట్టణములలో జీతగాండ్రపై వేసిన వృత్తిపన్నుతో పల్లెలలో కూలిచ్చుట దాని విశేషము. వయోజనుడై, కాయకష్టమునకు సిద్ధపడి అడిగినవానికి పని చూపవలెనన్నది దాని సారము.

2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము ఈ భావమును దేశమంతటికి విస్తరించినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధానమంత్రి మన్మోహన్ సింగు దానిని అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామమున ప్రారంభించిరి. ధాత కరవులో నలిగిన సీమయే ఈ ప్రారంభమునకు వేదిక యగుట గమనింపదగినది. ఇంటికి ఏడాదికి నూరు దినముల పని; 18 ఏండ్లు నిండిన యెవరైనను అడుగవచ్చును; పై హద్దు లేదు. మన పల్లెలలో ఈ పనికి ప్రజలు పెట్టుకొన్న పేరు కరవు పని. వాన పడి పంట పండిన యేడు సైతము కరవు పనికి పోవుచున్నామనియే చెప్పిరి. నూటముప్పదియేండ్ల నాటి జ్ఞాపకము నాలుకమీద నిలిచియున్నది.

పై హద్దు లేని యీ చట్టములో పెద్దవారికి చిక్కేమియు లేదా? ఉన్నది, అది కొలతలో నున్నది. కూలి ధరల పట్టికను ఏడు గంటలు పనిచేసిన సామాన్య కూలివానికి నిర్ణీత వేతనము ముట్టునట్లు చేయవలెనని 2005 చట్టపు అనుబంధము తెలిపినది. సామాన్య కూలివాడన్నప్పుడు ఎవరి కండను కొలబద్దగ పెట్టుకొన్నారో ఊహింపవచ్చును. అరువదియేండ్ల వితంతువు గడ్డపార యెత్తి గట్టినేల త్రవ్వినచో ఆమె గుంత లోతు టేపునకు అందదు. ఆమె పనికి వచ్చినది, దినమంతయు ఉన్నది, చెమటోడ్చినది; కాని కొలతలో సగమే తేలినది. తెలుగునాట పనివారిని జట్టులుగ కూర్చినప్పుడు ఈ చిక్కు మరియొక రూపమున వచ్చినది. కొలత జట్టు కంతకు కలిపి వేయుదురు గనుక, ముసలివారిని కలుపుకొన్నచో అందరి కూలియు తగ్గును. ముసలివానిని వలదనుట అప్పుడు సర్కారు వంతు కాదు, ప్రక్కింటివాని వంతు. చట్టములో లేని గీత జట్టులో పడును.

ఈ లోపమును చట్టము నడపినవారు గుర్తింపకపోలేదు. వృద్ధులకు ఇంటికి సమీపమున నున్న పని చూపవలెనని మార్గదర్శక సూత్రములు చెప్పినవి. తరువాత సవరించిన అనుబంధమున స్త్రీలకు, వృద్ధులకు, వికలాంగులకు, దీర్ఘరోగులకు వేరుగ ధరల పట్టిక చేయవలెనని వ్రాసిరి. అనగా బలమును బట్టి తరగతులన్న 1880 నాటి సూత్రమే, దయగా గాక హక్కుగా, తిరిగి వచ్చినది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టమునకు మారుగ మరియొకదానిని ఆమోదించి దినములను 125కు పెంచినది. దినములు ఎన్నియైనను, పెద్దవానికి ఆ దినమున దక్కు కూలి యెంతయన్న ప్రశ్న మాత్రము దానితో తీరిపోదు.

వృద్ధాప్య పింఛను సంగతియు దీనితో ముడిపడినదే. 1995లో కేంద్రము ప్రారంభించిన జాతీయ వృద్ధాప్య పింఛనునకు 65 ఏండ్లు నిండవలెను. 2011లో దానిని 60కి తగ్గించిరి. ఐదేండ్లు తగ్గుట కాగితముపై చిన్న మార్పు. నడుము వంగిన కూలివానికి అది పదునెనిమిదివందల దినములకు పైబడిన గ్రాసము. పుట్టినతేది కాగితము లేని తరములో, కార్డుపై వ్రాసిన యంకెయే నిజమైన వయస్సు అయినది. లెక్క వ్రాసినవాడు కలము చివర రెండేండ్లు తగ్గించినచో, మనిషి రెండేండ్లు ఎక్కువ మట్టి మోయవలెను.

వయఃపరిమితిని పూర్తిగ నిందించుట న్యాయము కాదు. దానికిని సమర్థన కలదు. ధనము పరిమితమైనప్పుడు ఎదుగు వయస్సువారికి ముందు పని నేర్పుట దేశమునకు లాభమని ఒక వాదము. అంకెతో గీచిన గీత అందరికి ఒక్కటే. ఉద్యోగి కనుచూపునకు, సిఫారసునకు అందులో తావులేదని మరియొక వాదము. ధాత కరవులో దేహమును చూచి చేసిన తీర్పులను తలంచినచో ఈ రెండవ వాదమునకు బలము కలదని ఒప్పుకొనవలెను. అంకె గ్రుడ్డిదైనను పక్షపాతి కాదు.

అయినను చరిత్ర మనకు రెండు మాటలు చెప్పుచున్నది. ఒక పథకము తలుపు మూసిన వయస్సుననే మరియొక పథకము తలుపు తెరువవలెను. నడుమ ఏండ్లు వదలినచో ఆ ఏండ్లలో మనుష్యులున్నారని మరువరాదు. ఇది మొదటిది. గీత గీయవలసినది మనిషికి కాదు, పనికి. గట్టినేల త్రవ్వుట ఒక పని. మొక్కలకు నీరు పోయుట, పనివారి బిడ్డలను చూచుట, పనిచోట దాహమునకు నీరందించుట వేరు పనులు. వానికి వేరువేరు కొలతలు వేసినచో, వయస్సడుగవలసిన యవసరము చాలవరకు తగ్గును. ఇది రెండవది.

మన పల్లెలలో ముసలివారు పని యడుగుటకు వచ్చుట జాలి కోరి కాదు. ఇంటిలో తమ వంతు గింజలు తామే తెచ్చుకొని, కోడలి చేతి అన్నము తలయెత్తి తినవలెనని వచ్చుచున్నారు. ఏ చట్టమైనను, ఏ పట్టికయైనను, ఆ కోరికకు చోటు విడిచినదా లేదా యని చూచియే దాని మంచిచెడ్డలు తేల్చవలసియుండును.